విస్తళ్ళ లెక్క

నమోదు 1

మేఘవరంలో పనిచేసే ప్రతివారూ రోజూ నాలుగు ముక్కలు రాసిపెట్టాలని ఊరిని నడిపే సారథి, రాయుడు గారి ఉత్తర్వు. ఆయన వీటిని చదవరని నాకు గట్టి నమ్మకం. చదివి ఉంటే, ఆయన మీసం గురించి నేను పాత పుస్తకంలో రాసినదానికి ఈపాటికి పిలిచి చీవాట్లు పెట్టేవారు.

కాబట్టి నిర్భయంగా రాస్తున్నాను. నా పేరు వకుళ, పని అచ్చుల గదిలో. పొద్దున్నే కిటికీ అద్దాల మీద పేరుకున్న ఆమ్లపు జిడ్డు కడిగాను. గోంగూర తట్టలకు నీళ్ళు పోశాను. ఈ శుక్రగ్రహపు మబ్బుల్లో వెలుతురుకు కొదవ లేదు గానీ మా గోంగూరకు అదేమిటో నచ్చదు, ఆకు చిన్నగా వస్తుంది. గదికి వెళ్ళేసరికి వంటశాల వాళ్ళ తగువు నాకోసం సిద్ధంగా ఉంది.

పచ్చళ్ళ జాడీలను రుచి ప్రకారం వరుసలో పెట్టి ఇమ్మని వాళ్ళు అడిగారు. మా దగ్గర వరుసలో పెట్టే అచ్చు ఒకటుంది. అచ్చంటే ఒకసారి రాసి ఎన్ని రకాల వస్తువులకైనా వాడుకునే ప్రోగ్రాం. అదే అచ్చు ఊరిని మోసే గాలి సంచులను వయసు వారీగా పెడుతుంది, బడి పిల్లలను ఎత్తు వారీగా పెడుతుంది. దాని నెత్తిన ఒక అర్హత రాసి ఉంటుంది: నాకు ఏది ఇచ్చినా సరే, రెండింటిని పక్కపక్కన ఉంచితే ఏది ముందో తేలాలి. ఆ అర్హత ఉందా లేదా అని చూసేవాడు మా కంపైలర్, అంటే ప్రోగ్రాంలను సరిచూసే యంత్రం. అతన్ని ఇక్కడ అందరూ మాష్టారు అంటారు. ప్రోగ్రాం నడవకముందే చూస్తాడు, లేకపోతే ఒక్క వాక్యం రాసి పలక తిప్పి ఇచ్చేస్తాడు.

“పచ్చడి: ఏది ముందో తేల్చే పద్ధతి లేదు” అని రాశాడు ఇవాళ. నిజమే మరి. ఆవకాయ ముందా, మాగాయ ముందా అన్న దాని మీద వంటశాలలో ఇద్దరు పెద్దమనుషులు మాటలు మానేశారు.

నవ్వులాటకు రాశాను గానీ, అర్హతలు లేని రోజులు మా అమ్మకు గుర్తున్నాయి. అప్పటి అచ్చులు దేన్నయినా రానిచ్చేవి. సరుకుల తెప్ప ఒకటి మా ఉత్తరపు అంచుకు తగులుకోవాల్సి వచ్చింది. సగం పని అయ్యాక అచ్చు దాన్ని ‘ఎత్తు తగ్గు’ అని అడిగింది. ఆ తెప్పకు ఎత్తు తగ్గడం రాదు. ఆ సంగతి తాళ్ళు బిగిశాక గాల్లో తెలిసింది. ఆ అంచున ఉండే ఉత్తరపు చావడి ఇప్పుడు లేదు, అందులో పనిచేసినవాళ్ళూ లేరు. అర్హతలు వచ్చింది ఆ తర్వాతే.

నమోదు 2

మా అక్క హైమ రేడియోలో పిలిచింది. అక్క ఉండేది గంధకపురంలో. ఆమ్లం పట్టి పీపాల్లో నింపే కార్ఖానా ఊరు అది, మాకంటే కొంచెం దిగువన తేలుతుంది. అక్కడ పీపాల తూకం అంతా అక్క చేతి మీదే నడుస్తుంది.

“ఒసేయ్ వకుళా, మీ ఊరికి వచ్చేస్తున్నాం. నాకో పక్క సిద్ధం చెయ్యి” అంది.

“ఒక్కదానివేనా?”

“ఊరు ఊరంతా వస్తున్నాం. మా గాలి సంచులు కుట్ల దగ్గర పోతున్నాయే. కుట్టినచోట కుట్టగానే పక్కన విచ్చుకుంటోంది. రోజురోజుకీ కిందకి దిగుతున్నాం. ఇవాళ గోడ మీద చెయ్యేస్తే వెచ్చగా తగిలింది.”

అక్క ఆ మాట కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత మామూలుగా చెప్పింది. కింద ఉన్నది నిప్పుల కుంపటి. గోడలు వెచ్చబడ్డాక ఇనుము మెత్తబడడానికి ఎంతోసేపు పట్టదు.

మనుషులను ఎగిరే దోనెల్లో తెద్దామంటే గాలి ఒప్పుకోవడం లేదు. ఉన్న దారి ఒకటే. గంధకపురాన్ని మా ఊరికి జోడించి, మా సంచుల బలంతో పైకి లాగాలి. దానికి జోడింపు అచ్చు ఉంది. రెండు ఊళ్ళ సంచులన్నిటినీ ఒకే ఊపిరిలో బిగిస్తూ వదులుతూ దగ్గరకు తేవడం మనుషుల చేతుల వల్ల అయ్యే పని కాదు. ఆ అచ్చును చివరిసారి వాడినప్పుడు నేను చిన్నపిల్లని. ఆ రోజు పెట్టిన బూరెలు మాత్రం బాగా గుర్తున్నాయి.

నమోదు 3

మాష్టారు పలక తిప్పి ఇచ్చేశాడు.

జోడింపు అచ్చు నెత్తిన నాలుగు అర్హతలు ఉన్నాయి. వచ్చే ఊరు తన బరువు చెప్పగలగాలి. అడిగినప్పుడు ఎత్తు మార్చుకోగలగాలి. కొక్కెం చాచగలగాలి. నాలుగోది, విస్తళ్ళ లెక్క చెప్పగలగాలి. గంధకపురానికి మొదటి మూడూ ఉన్నాయి.

“గంధకపురం: విస్తళ్ళ లెక్క లేదు. జోడింపు కుదరదు” అని ఒక్క వాక్యం. ఎన్నిసార్లు ఇచ్చినా అదే వాక్యం.

మాకు ఇదో ఆచారం. రెండు ఊళ్ళు కలిసేవేళ రెండు ఊళ్ళ జనమూ బంతులు తీరి కూర్చోవాలి. దాన్ని పొత్తు భోజనం అంటారు. ఆకులు ఎప్పుడో పోయి స్టీలు పళ్ళేలు వచ్చినా విస్తరి అనే అంటాం. మొదటితరం వాళ్ళు ఆ మర్యాదను తీసుకొచ్చి అచ్చు నెత్తిన ఎక్కించి పోయారని మా అందరి నమ్మకం. గంధకపురంలో బంతులూ లేవు, భోజనశాలా లేదు. ఎవరి పొట్లం వాళ్ళు యంత్రం పక్కన నిలబడి తినేసి పనిలోకి పోతారు.

“అంటే ఏంటమ్మా, భోజనానికి పిలవలేదని ఊరు మునిగిపోవాలా?” అని రాయుడు గారు గది కప్పు ఎగిరేలా అరిచారు. “ఆ నాలుగోది పీకి అవతల పారెయ్యండి!”

“అచ్చు లోపల ఆ లెక్కను అడిగే చోట్లు చాలా ఉన్నాయండి. నెత్తిన తీసేసినంత మాత్రాన లోపల అడగడం మానదు” అన్నాను. ఉత్తరపు చావడి పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆయనకు గుర్తొచ్చింది.

నమోదు 4

దేవసహాయం నా పక్క బల్ల మనిషి. పనిలో చురుకు, మాటలో ఇంకా చురుకు. నేను తల పట్టుకుని కూర్చుంటే అతను ఈల వేసుకుంటూ ఒకే ఒక్క వరుస రాశాడు. గంధకపురాన్ని విస్తళ్ళ లెక్క అడిగితే ‘మూడు వందల పన్నెండు’ అని చెప్పేలా. అక్కడున్న జనం అంతే కదా మరి.

మాష్టారు ఒప్పుకున్నాడు. ఏమీ అనలేదంటే నాలుగు అర్హతలూ ఉన్నాయి, జోడింపు కుదురుతుంది అని అర్థం.

గదిలో ఈలలు, చప్పట్లు. రాయుడు గారు ముఖం చేటంత చేసుకుని దేవసహాయాన్ని కావలించుకున్నారు. వంటశాల నుంచి బెల్లం ముక్కలు వచ్చాయి. నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను, అబద్ధం ఎందుకు. అక్కకు రేడియోలో చెబితే, “నీ చేతి గోంగూర తప్పించుకోవడానికి లేదన్నమాట” అంది. తన గొంతు అప్పుడు కొంచెం వణికింది. అంతకు ముందు తను ఎంత బిగబట్టుకుని మాట్లాడుతోందో నాకు అప్పుడే అర్థమైంది.

నమోదు 5

నాకు అందరితో కలిసి తినే అలవాటు లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఊరంతా భోజనశాలకు పోతుంది, నేను నా బల్ల దగ్గరే మజ్జిగన్నం కానిచ్చేస్తాను. ఇవాళా అంతే. పక్కన గ్లాసుడు మజ్జిగ పెట్టుకుని జోడింపు అచ్చును ఇంకోసారి మొదటినుంచి చదువుతున్నాను.

మా ఊళ్ళో గ్లాసులో ఏది పోసినా ఊగుతూనే ఉంటుంది. తేలే ఊరు కదా, జనం అటు నడిస్తే అటు, ఇటు నడిస్తే ఇటు ఒరుగుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కనుక ఎవరం పట్టించుకోము. ఇవాళ చెయ్యి చాచి గ్లాసు తీసుకోబోతే మజ్జిగ కదలడం లేదు. మీద తేలే కరివేపాకు ఉన్నచోటే ఉంది. ఊరంతా కూర్చుని తింటోంది.

చిన్నప్పటి పొత్తు భోజనం కళ్ళ ముందుకు వచ్చింది. ఆ రోజు అన్నీ ఒకేసారి వడ్డించేశారు. వడ్డించినవాళ్ళు కూడా గరిటెలు పక్కన పెట్టి బంతిలో కూర్చున్నారు. నాకు ఇంకో బూరె కావాలని లేవబోతే అమ్మ నా మోకాలు నొక్కి పట్టుకుంది. “గంట కొట్టేదాకా లేవకూడదు. మారు వడ్డన ఆ తర్వాతే” అంది. వడ్డించేవాళ్ళు కూర్చుని తినే భోజనం ఎక్కడైనా ఉంటుందా?

భోజనశాలకు పరుగెత్తాను. తింటున్నవాళ్ళ మధ్యనుంచే ఎత్తు కాళ్ళున్న బారు పీటల కిందికి దూరి చూశాను. ప్రతి పీట కిందా తూకం ఉంది. వంటవాళ్ళు వాటి మీద బియ్యం తూచుకుంటారు. అందుకే పెట్టారనుకున్నాం ఇన్నాళ్ళూ. జనం కూర్చుంటే విస్తళ్ళ లెక్క పెరుగుతుంది, లేస్తే తగ్గుతుంది. రెండు ఊళ్ళలో ప్రతి ఒక్కరూ కూర్చుని, బరువు అటూ ఇటూ పోకుండా నిలిచాకే అచ్చు తాళ్ళు లాగుతుంది. మొదటితరం వాళ్ళు మర్యాద కోసం రాయలేదు. జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడానికి వాళ్ళకు భోజనం కంటే మంచి ఉపాయం తోచలేదు.

రాయుడు గారు పెరుగన్నంలో ఉన్నారు. పీట కింద నుంచి నేను బయటపడేసరికి ఆయనకు పొలమారింది.

“రేపటి జోడింపు ఆపాలండి” అన్నాను.

“ఒప్పుకున్నాడుగా మీ మాష్టారు!”

“లెక్క చెప్పే పద్ధతి ఉందా అని అడిగాడు, ఉందన్నాం. ఆ లెక్క నిజమేనా అని ఆయన అడగలేదు. అడగమని మనం రాయలేదు. దేవసహాయం అంకె ఎప్పుడు అడిగినా మూడు వందల పన్నెండే అంటుంది. జనం కూర్చున్నా అంతే, పరుగెత్తుతున్నా అంతే.”

“ఏమవుద్దమ్మా అయితే?”

“మునిగిపోతున్న ఊరండి. తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో అందరికీ తెలుసు. తాళ్ళు లాగేటప్పుడు వాళ్ళందరూ ఎక్కడ ఉంటారు?”

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “తలుపు దగ్గరే ఉంటారు. నేనైనా అక్కడే ఉంటాను” అన్నారు నెమ్మదిగా. మూడు వందల మంది ఒక్క అంచున చేరితే ఊరు ఎలా ఒరుగుతుందో సారథికి నేను చెప్పనక్కర్లేదు.

రేపు భోజనాల గంట వరకు గడువు ఇచ్చారు. అంతకు మించి గంధకపురం ఆగలేదు.

నమోదు 6

అదే రాత్రి ముందుగా మాష్టారికి అడగడం నేర్పాను.

ఇన్నాళ్ళూ నాలుగో అర్హత ‘ఒక అంకె చెబితే చాలు’ అన్నట్టు ఉండేది. అంకె ఎవరైనా చెబుతారు. అందుకని కొత్త రకం ఒకటి పుట్టించి ‘కూర్చున్నవారు’ అని పేరు పెట్టాను. ఆ రకం వస్తువును తూకం తప్ప ఇంకెవరూ తయారు చేయలేరు, చేత్తో రాసిన అంకె ఆ రకంలోకి రాదు. విస్తళ్ళ లెక్క అంటే ‘కూర్చున్నవారు’ రకంలోనే రావాలి అని అర్హతను తిరగరాశాను. మేఘవరాన్ని ఇచ్చి చూశాను. మా పీటల కింద తూకాలు ఉన్నాయి కనుక మాష్టారు నోరెత్తకుండా ఒప్పుకున్నాడు.

తర్వాత దేవసహాయం రాసిన గంధకపురాన్ని ఇచ్చాను. దేవసహాయం నా భుజం మీదనుంచి చూస్తున్నాడు.

“గంధకపురం: విస్తళ్ళ లెక్క ఉత్త అంకె. తూకం నుంచి వచ్చింది కాదు. జోడింపు కుదరదు.”

అది చూసి నాకు గంతులు వేయాలనిపించింది. వేశాను కూడా. తాళ్ళు తెగి, జనం జారిపోయి తెలుసుకోవాల్సిన తప్పును మాష్టారు కుర్చీలోంచి లేవకుండా పట్టేశాడు!

“నా అంకె ఎంత ముచ్చటగా ఉండేదో! పాపం దాన్ని చంపేశావు కదా” అని దేవసహాయం ముక్కు చీదినట్టు నటించాడు. ఆ వెంటనే పక్కన కూర్చుని, “సరే చెప్పు. వాళ్ళ దగ్గర తూకాలు ఏం ఉన్నాయి?” అన్నాడు.

అది మా అక్కను అడగాల్సిన ప్రశ్న.

“తూకాలా? నన్నా అడుగుతున్నావు?” అని అక్క రేడియోలో నవ్వింది. ఆ వేడిలో, చెమటలో అంత నవ్వు ఎక్కడ దాచుకుందో. “పీపాలు తూచే బారు బల్లలు కొట్టు నిండా ఉన్నాయే. ఊరికి సరిగ్గా నడిమధ్యన. ఈగ వాలితే చెప్తాయి.”

“వాటి మీద జనాన్ని కూర్చోబెట్టాలి. అందరినీ. బంతులుగా.”

“మా వాళ్ళనా? ఒకళ్ళ పక్కన ఒకళ్ళు కూర్చుని తిన్న మొహాలేనా ఇవి?” అంది. మళ్ళీ తనే, “కూర్చోబెడతాలే. నా మాట వినని వాణ్ణి పీపాలో వేసి మూత పెడతా” అంది.

ఆ బల్లలు చెప్పేది బరువు, మాకు కావలసింది మనుషుల లెక్క. దేవసహాయమూ నేనూ కలిసి ఆ మధ్యలో మాటను మార్చి చెప్పే ముక్క రాశాం. గంధకపురం పాత ప్రోగ్రాంలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఒక్కో మనిషికి ఒక్కో చోటు గీసి, అక్కడ బరువు కుదురుగా నిలిస్తే ఒకటి కలుపు, కదిలితే తీసెయ్ అని రాశాం. మొదటిసారి మాష్టారు తిప్పి కొట్టాడు, అందులో ఊరి ఎత్తు మార్చే వరుస ఒకటి మరిచాం. రెండోసారి కూడా కొట్టాడు. అది నా తప్పే, దేవసహాయం మీద అరిచాను గానీ. మూడోసారి ఏమీ అనలేదు. తప్పు లేనప్పుడు మాష్టారు మాట్లాడడు. ఆ మౌనం ఎంత తియ్యగా ఉందో రాయడం నాకు చేతకాదు.

నమోదు 7

కిందినుంచి గంధకపురం వచ్చింది. మసిబారిన పీపాలు, సగం వాలిపోయిన సంచులు. మా తాళ్ళు వాళ్ళ కొక్కేలకు తగిలాయి. అక్కడితో అచ్చు ఆగి, రెండు ఊళ్ళ లెక్కలు నిండేదాకా ఎదురు చూడసాగింది.

మా భోజనశాలలో అన్నీ ఒకేసారి వడ్డించేశారు. రాయుడు గారు మొదట మొండికేశారు. “సారథి నిలబడాలమ్మా, కూర్చుంటే బాగుండదు” అన్నారు. నేను గుడ్లురిమి చూస్తే వెళ్ళి బంతిలో మఠం వేసుకుని కూర్చున్నారు. రేడియోలో అక్క కేకలు వినిపిస్తున్నాయి. “ఓ పోతరాజూ, ఆ మూటతో సహా కూర్చో! తలుపు ఎక్కడికీ పారిపోదు!”

గంధకపురం లెక్క పెరుగుతూ పెరుగుతూ నిండింది. ప్రతి ఒక్కరూ కూర్చున్నారు. తలుపు దగ్గర ఒక్క ప్రాణి లేదని అక్క చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక పక్క మనిషితో కలిసి తినని జనం ఒళ్ళో పొట్లాలు పెట్టుకుని భుజం భుజం ఆనించి కూర్చున్నారు.

మా ఊరి లెక్క నిండలేదు. ఒకరు తక్కువ.

భోజనశాలలో గోల మొదలైంది. ఎవరు రాలేదు, ఎవరు లేచారు అని ఒకరినొకరు చూసుకుంటున్నారు. అచ్చు మాత్రం ఒక్కరి కోసం ఆగే ఉంది. కింద గంధకపురం ఇంకొంచెం దిగింది, తాళ్ళు కిర్రుమన్నాయి.

“ఏమైందే? మావాళ్ళు అడుగుతున్నారు” అంది అక్క. ఇప్పుడు తన గొంతులో నవ్వు లేదు.

“మా వాళ్ళలో ఎవరో కూర్చోలేదు. ఎవరో తెలియడం లేదు!”

“ఒసేయ్, నువ్వు కూర్చున్నావా?” అంది అక్క.

నేను అచ్చుల గదిలో, భోజనశాల కనిపించేలా తలుపు తీసిపెట్టి, ఆపు మీట మీద చెయ్యి వేసి, కళ్ళలో వత్తులు వేసుకుని నిలబడి ఉన్నాను. ఏదైనా తేడా వస్తే క్షణంలో ఆపాలి కదా. ఆ పని ఎవరికీ ఇవ్వనని పొద్దున్నే పంతం పట్టాను.

“నేను మీట దగ్గర ఉండాలక్కా.”

“మీ మాష్టారు అంతా చూశాడు, ఇక తేడా రాదు అని నిన్న గంతులేసింది ఎవరు? ఆ మాట నిజమైతే మీట దగ్గర నీకేం పని? పోయి అన్నం తిను!”

సిగ్గు వేసింది, నవ్వూ వచ్చింది. మాష్టారికి అడగడం నేర్పిన మనిషిని, ఆయన చెప్పిన జవాబును నేనే నమ్మలేదు. మీట మీదనుంచి చెయ్యి తీయడం ఈ పని మొత్తంలో అన్నిటికంటే కష్టమైంది. తీశాను. గది ఖాళీగా వదిలేసి, నడవా దాటి, భోజనశాలలో దేవసహాయం పక్కన ఖాళీగా ఉన్న పీట మీద కూర్చున్నాను. నా విస్తరి నిండా వడ్డించి ఉంది. మా గోంగూరే.

“మహారాణి గారు దయచేశారా” అన్నాడు అతను.

లెక్క నిండింది.

చారు గిన్నెల్లో చారు ఒక్కసారి ఒకవైపుకు ఒరిగింది. ఒక్కరూ లేవలేదు. పీటల కింద సన్నటి అదురు పాకింది, ఊరి సంచులన్నీ బిగిసి వదలడం ఒంటికి తెలుస్తోంది. చారు నెమ్మదిగా వెనక్కు వచ్చింది. తర్వాత రెండు ఊళ్ళనూ కలిపే పెద్ద తలుపు గడియ పడ్డ చప్పుడు అయింది. చారు అద్దంలా నిలబడింది.

రాయుడు గారు గంట కొట్టారు. ఎన్నిసార్లు కొట్టారో ఆయనకే తెలియదు. జనం పళ్ళేలు వాయించారు, ఆవకాయ పెద్దమనిషీ మాగాయ పెద్దమనిషీ ఒకరినొకరు కావలించుకున్నారు. నేను ఏడుస్తున్నానని దేవసహాయం చెప్పేదాకా నాకు తెలియలేదు. ఎత్తు చూపే ముల్లు పైకి కదిలింది. రెండు ఊళ్ళూ కలిసి లేస్తున్నాయి!

తలుపు తెరుచుకుని గంధకపురం జనం వచ్చారు. తోపులాట లేదు, బంతుల్లో కూర్చున్న వరుసలోనే వచ్చారు. అందరికంటే చివర మా అక్క. జుట్టు రేగిపోయి, ముఖం కందిపోయి, చంకలో విప్పని పొట్లంతో వచ్చి నా పక్కన చతికిలబడింది. నా పళ్ళెంలోంచే ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది.

“ఉప్పు తక్కువైందే” అంది. ఇంకో ముద్ద తింది. కళ్ళు తుడుచుకుంది. “ఇంకొంచెం పెట్టరా ఈ ఊళ్ళో?”

గంట కొట్టేశారు కదా. లేచి వడ్డించాను.